మైకు ముందు మనిషి: రేడియో జాకీ వృత్తిపై పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

స్థానిక రేడియోలో పాటలు వినిపిస్తూ మాట్లాడే జాకీల జీవితం గురించి, ఆ ఉద్యోగం గురించి పాఠకుల నుంచి ప్రశ్నలను ఆహ్వానించాము. ఒకే విషయాన్ని అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. కొందరు తమ పేర్లు ప్రచురించవద్దని కోరినందువల్ల అందరి విషయంలోనూ ఊరి పేరు మాత్రమే ఇచ్చాము.

ప్రశ్న: నా గొంతు బాగుంటుందని కళాశాలలో అందరూ అంటారు. ఆర్జే కావాలని నా కోరిక. మంచి గొంతు, చలాకీగా మాట్లాడే నేర్పు ఉంటే సరిపోతుందా? నేను ఎలా సిద్ధం కావాలి?
— డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని, తెనాలి

సమాధానం: గొంతు బాగుండటం మంచిదే. అయితే ఆడిషన్‌కు వచ్చేవారిలో ఎక్కువమంది గొంతు బాగున్నవారే కనుక, అక్కడ అది మిమ్మల్ని ప్రత్యేకంగా నిలబెట్టదు. జాకీ నాలుగు గంటల షో చేసినా పాటలు, ప్రకటనలు, జింగిల్స్ పోగా ఆయన మాటకు మిగిలేది గంటకు కొద్ది నిమిషాలు మాత్రమే. ఆ కొద్ది నిమిషాలు కూడా ఒకేసారి దొరకవు. రెండు పాటల మధ్య అరనిమిషం, ముప్పావు నిమిషం చొప్పున ముక్కలుగా దొరుకుతాయి. ఒక్కొక్క ముక్కను లింక్ అంటారు. ఒక లింక్‌లో ఒకే విషయం చెప్పాలి, అది వినేవారికి పనికివచ్చేదో మనసుకు పట్టేదో అయి ఉండాలి, చెప్పిన తరువాత ఆగిపోవాలి. ఉదయం ఎంత అందంగా ఉందో, మీ మనసులు ఎంత ఉల్లాసంగా ఉన్నాయో అంటూ సాగే మాటలు ఏ ఊళ్లోనైనా, ఏ రోజైనా చెప్పవచ్చు కనుక వాటిని ఎవరూ వినరు. "ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎత్తారు, నీళ్లు చూడటానికి జనం బండ్లు ఆపుకొని నిలబడుతున్నారు, సీతానగరం వైపు నుంచి విజయవాడకు ఆఫీసులకు వచ్చేవారు ఈ రోజు కాస్త ముందుగా బయలుదేరండి" అంటే మాత్రం తాడేపల్లిలో టిఫిన్ తింటున్న మనిషి చెయ్యి ఆగుతుంది. ఈ రెండో రకం మాట చెప్పాలంటే ఊరు తెలియాలి, ఊరి సంగతులు ఆ పూట కనుక్కొని ఉండాలి. జాకీ పనిలో కష్టమైన భాగం అదే.

ఇక చేతిపని సంగతి చెబుతాను. మన సినిమా పాటల్లో పల్లవికి ముందు వాద్యసంగీతం ఉంటుంది. అది ఎన్ని సెకన్లు ఉందో స్టూడియోలోని కంప్యూటరు తెర మీద అంకెలు తగ్గుతూ కనిపిస్తాయి. పాటను మొదలుపెట్టి, దాని ఫేడర్‌ను, అంటే శబ్దం పెంచి తగ్గించే మీటను, ఒక చేత్తో కిందికి దించి పట్టుకొని, ఆ సంగీతం మీదనే మాట్లాడుతూ, గాయని మొదటి అక్షరం అందుకోకముందే మీ చివరి మాట ముగించి, మైకు ఆపి, పాటను పైకి తేవాలి. 14 సెకన్ల సంగీతానికి 16 సెకన్ల మాట రాసుకున్నారంటే గాయని గొంతు మీద మీ గొంతు పడుతుంది. ఏం జరిగిందో శ్రోతకు తెలియకపోయినా చెవికి ఆ ఇబ్బంది తెలుస్తుంది. దీనికి స్టూడియో అక్కరలేదు. ఇంట్లోనే మీకు నచ్చిన పాటలు తీసుకొని, ఒక్కొక్కదాని ముందు సంగీతం ఎంతసేపు ఉందో చూసుకొని, అంతకు సరిపోయే రెండు వాక్యాలు రాసి, ఫోనులో రికార్డు చేసి వినండి. తెలుగు పత్రికను రోజూ పైకి చదవండి. ళకారం లకారంగా, ణకారం నకారంగా జారిపోతున్న చోట పెన్సిలుతో గీత గీసుకోండి.

దారుల విషయానికి వస్తే, ప్రైవేటు ఎఫ్ఎం వారు నిమిషమో రెండు నిమిషాలో ఉండే డెమో రికార్డింగు అడుగుతారు. ఆకాశవాణి తాత్కాలిక అనౌన్సర్లను రాతపరీక్ష, స్వరపరీక్షల ద్వారా ఎంపిక చేసి శిక్షణ ఇస్తుంది. నెలకు సాధారణంగా ఆరు డ్యూటీలకు మించి రావు. దాని మీదనే జీవనం గడవదు కాని, ఉచ్చారణకు అంతకంటే మంచి బడి లేదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఆకాశవాణి విజయవాడ కేంద్రం ప్రసారాలు వింటూ పెరిగినవాణ్ణి. ఇప్పటి జాకీల వేగం, ఇంగ్లీషు, ఆగని మాటలు వింటుంటే బాధగా ఉంటుంది. వీరు ఆ అనౌన్సర్ల వారసులేనా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

సమాధానం: మాస్టారూ, వీరు రెండు ఇళ్లకు వారసులు. ఒకటి మీరు చెప్పిన ఆకాశవాణి. 1938 జూన్ 16న మొదలైన మద్రాసు కేంద్రం నుంచి మొదట తెలుగు మాట వినిపించింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. అక్కడి అనౌన్సరుకు ముందుగా క్యూ షీట్ వచ్చేది. ఏ నిమిషానికి ఏ టేపు, దాని ముందు ఏ ప్రకటన అనేది అందులో ఉండేది. సొంత మాటకు చోటు తక్కువ, తప్పుకు అసలే చోటు లేదు. అయినా ఆ కట్టుబాట్ల మధ్యనే శ్రోతలు తమ ఇంటి మనుషులుగా భావించిన గొంతులు పుట్టాయి. మద్రాసు నుంచి, ఆ తరువాత హైదరాబాదు నుంచి పిల్లల కార్యక్రమాలు నడిపిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రాష్ట్రమంతటికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. విజయవాడ నుంచి ఉషశ్రీ శ్రోతల ఉత్తరాలకు జవాబిస్తూ నడిపిన ధర్మసందేహాలు ఎంత ఆదరణ పొందాయో మీకు నేను చెప్పనక్కరలేదు.

రెండో ఇల్లు సిలోన్, అంటే నేటి శ్రీలంక. 1952లో సమాచార ప్రసార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతాన్ని పెంచాలన్న పట్టుదలతో ఆకాశవాణిలో సినిమా పాటలను బాగా తగ్గించినప్పుడు, దేశంలోని శ్రోతలు రేడియో సిలోన్ వైపు తిరిగారు. అదే ఏడాది చివర అక్కడ మొదలైన హిందీ సినిమా పాటల కార్యక్రమం బినాకా గీత్‌మాలాతో అమీన్ సయానీ దేశమంతటా తెలిసిన గొంతు అయ్యారు. ముందు అక్కచెల్లెళ్లను, తరువాత అన్నదమ్ములను పలకరించే ఆయన పద్ధతి, ఎదురుగా కూర్చున్న ఒక్కరితో మాట్లాడుతున్నట్లుండే ధోరణి తరువాతి తరాల జాకీలందరికీ పాఠమైంది. 2024 ఫిబ్రవరిలో ఆయన మరణించినప్పుడు హిందీ రాని ఇళ్లలో కూడా ఆయనను తలుచుకున్నారు. సిలోన్ నుంచే తెలుగు పాటలు వినిపించిన మీనాక్షి పొన్నుదురై గొంతు మీ తరానికి గుర్తుండే ఉంటుంది. సిలోన్‌కు పోతున్న శ్రోతలను తిరిగి రప్పించడానికే 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చింది. ఆత్మీయంగా పలకరించి, పాటకూ పాటకూ మధ్య కథ చెప్పే నేటి జాకీ ఈ రెండో ఇంటి బిడ్డ.

మీ ఫిర్యాదులో నేను పూర్తిగా ఏకీభవించేది ఒకటి ఉంది, అది ఇంగ్లీషు గురించి కాదు. ట్రాఫిక్, సిగ్నల్, బస్ స్టాప్ వంటి మాటలు మన వాడుకలో కలిసిపోయాయి. వాటిని తప్పించి మాట్లాడితే అది ఎవరి తెలుగూ కాదు. పాత అనౌన్సరు ప్రతి పాటకూ చిత్రం పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుని పేరు, పాడినవారి పేర్లు విధిగా చెప్పేవారు. పాటలు రాసేవారిని, స్వరపరిచేవారిని తెలుగువారికి పేరుపేరునా పరిచయం చేసింది ఆ నియమమే. ఈ రోజు ఎఫ్ఎంలో హీరో పేరు వినిపిస్తుంది, కవి పేరు వినిపించదు. ఈ పాట వేటూరిదో సిరివెన్నెలదో చెప్పడానికి మూడు సెకన్లు చాలు. జాకీలు ఈ ఒక్క అలవాటును తిరిగి తెచ్చుకోవాలని ఈ శీర్షిక ద్వారా గట్టిగా కోరుతున్నాను.

ప్రశ్న: నేను స్వతంత్రంగా పాటలు చేసుకుంటాను. వాటిని ఎఫ్ఎంలో వేయించాలంటే జాకీని మంచి చేసుకోవాలని, కొంత ముట్టజెప్పాలని కొందరు చెబుతున్నారు. పాటలను ఎంచుకునేది జాకీలేనా?
— యువ సంగీత కళాకారుడు, వరంగల్

సమాధానం: కాదు. మీ నగరంలోనే కాదు, పెద్ద ఎఫ్ఎం సంస్థల్లో ఎక్కడైనా ఏ పాట ఏ గంటలో, రోజుకు ఎన్నిసార్లు రావాలో సంగీత విభాగంవారు సాఫ్ట్‌వేర్ సాయంతో ముందే నిర్ణయిస్తారు. జాకీ లోపలికి వచ్చేసరికి జాబితా తెర మీద సిద్ధంగా ఉంటుంది. అర్ధరాత్రి షోలోనో శ్రోతల కోరిక మీద నడిచే కార్యక్రమంలోనో కొంత వెసులుబాటు ఇస్తే ఇస్తారు.

ఈ పెత్తనం జాకీ చేతిలో నుంచి జారిపోవడం వెనుక ఒక మనిషి కథ ఉంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరంలో అలన్ ఫ్రీడ్ అనే స్థానిక జాకీ 1951లో రాత్రివేళ నల్లజాతి కళాకారుల రిథమ్ అండ్ బ్లూస్ రికార్డులు వినిపించడం మొదలుపెట్టాడు. తెల్లజాతి పిల్లలు కూడా ఆ కార్యక్రమానికి అతుక్కుపోయారు. 1952 మార్చి 21న ఆయన ఏర్పాటు చేసిన సంగీత కార్యక్రమానికి హాలు పట్టేదానికి రెట్టింపు జనం వచ్చి తలుపులు తోసుకొని లోపలికి చొరబడటంతో, మొదలైన కొద్దిసేపటికే దాన్ని ఆపివేయవలసి వచ్చింది. రాక్ ఎన్ రోల్ అన్న పేరును లోకంలో ప్రచారం చేసింది ఆయనే. 1954లో న్యూయార్క్ చేరాడు. ఏ రికార్డు నిలబడాలో ఏది పడిపోవాలో జాకీ ఇష్టం మీద ఆధారపడిన కాలమది కనుక, రికార్డు కంపెనీలు జాకీలకు డబ్బు, కానుకలు ఇచ్చేవి. చక్ బెర్రీ రాసిన పాటకు సహరచయితగా ఫ్రీడ్ పేరు చేర్చి, రాయల్టీలో వాటా ఇవ్వడం వంటివి కూడా జరిగాయి. 1959 నవంబరులో, తాను ఎన్నడూ డబ్బు తీసుకోలేదని సంతకం చేయడానికి నిరాకరించినందుకు స్టేషన్ ఆయనను తొలగించింది. మరుసటి ఏడాది అమెరికా కాంగ్రెసు విచారణ జరిపి, ఇటువంటి చెల్లింపులను దాచి ప్రసారం చేయడాన్ని నేరంగా మార్చింది. 1962లో ఫ్రీడ్ వాణిజ్య లంచం ఆరోపణలను ఒప్పుకున్నాడు. విధించిన జరిమానా 300 డాలర్లు. ఆ తరువాత పెద్ద అవకాశాలు రాలేదు. 1965 జనవరి 20న, 43 ఏళ్ల వయసులో మరణించాడు. తెలుపు నలుపు పిల్లలను ఒకే పాట చుట్టూ చేర్చిన వ్యక్తి అలా ముగియడం నన్ను ఎప్పుడూ కలచివేస్తుంది. ఆ గొడవ తరువాత స్టేషన్ యజమానులు పాటల ఎంపికను జాకీల నుంచి తీసుకొని ప్రోగ్రామింగ్ విభాగానికి అప్పగించారు. ఆ పద్ధతే ఇక్కడికీ వచ్చింది.

మీరు ఎవరికీ రూపాయి ఇవ్వకండి. పాటను మంచి నాణ్యతగల ఫైలుగా, రచయిత, గాయకుల వివరాలతో, హక్కులు మీవేనని తెలిపే పత్రంతో నేరుగా ప్రోగ్రామింగ్ విభాగానికి పంపండి. ఆకాశవాణి లలిత, జానపద సంగీతాల ఆడిషన్‌కు దరఖాస్తు చేయండి. అక్కడ వచ్చే గ్రేడు కళాకారునిగా మీకు శాశ్వతమైన గుర్తింపు.

ప్రశ్న: ఉదయం షోలో ఒక జాకీ కరెంటు ఆఫీసు నుంచి మాట్లాడుతున్నట్లు మా అమ్మకు ఫోను చేసి భయపెట్టి, ఆ మాటలను ప్రసారం చేశాడు. వీధిలో అందరూ నవ్వారు. అమ్మ వారం రోజులు బయటికి రాలేదు. ఇది తప్పు కాదా?
— ప్రైవేటు ఉద్యోగి, రాజమహేంద్రవరం

సమాధానం: తప్పే. మీ అమ్మగారికి కలిగిన బాధకు వృత్తిలోని మనిషిగా సిగ్గుపడుతున్నాను. 2012 డిసెంబరులో సిడ్నీలోని ఒక స్టేషన్‌కు చెందిన ఇద్దరు జాకీలు బ్రిటన్ రాణి, యువరాజులుగా నటిస్తూ లండన్‌లోని ఆసుపత్రికి ఫోను చేశారు. ఆ ఫోను అందుకొని వార్డుకు కలిపిన నర్సు మంగళూరు ప్రాంతం నుంచి వెళ్లిన మహిళ. ఆ సంభాషణ లోకమంతా నవ్వుకునే వార్తగా మారిన కొద్ది రోజులకే ఆమె ఆత్మహత్య చేసుకున్నారు. ఎదుటివారి అనుమతి లేకుండా సంభాషణను రికార్డు చేసి ప్రసారం చేశారన్న విషయంపై సాగిన వ్యాజ్యం ఆస్ట్రేలియా అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి, 2015లో నియంత్రణ సంస్థకు అనుకూలంగా ముగిసింది. మైకు ముందున్నవారికి అది ఒక చిన్న తమాషా. అవతలి మనిషి ఆరోగ్యం, అప్పులు, ఇంటి పరిస్థితి ఏమిటో మైకు ముందున్నవారికి తెలియవు.

నా అభిప్రాయంలో ఫోను ముగిసిన వెంటనే అసలు విషయం చెప్పి, ప్రసారానికి స్పష్టంగా ఒప్పుకోలు తీసుకోవాలి. ఒప్పుకోకపోతే ఆ రికార్డింగును చెరిపివేయాలి. మీరు స్టేషన్ అధిపతికి తేదీ, సమయం రాసి లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ప్రైవేటు ఎఫ్ఎం సంస్థలు ఆకాశవాణి ప్రసార నియమావళిని పాటించాలన్నది వారి అనుమతి షరతుల్లోనే ఉంది కనుక, జవాబు రాకపోతే కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వ శాఖకు రాయవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ చదివి, ఒక ఎఫ్ఎంలో ఆర్జేగా చేరింది. తెల్లవారుజామున నాలుగున్నరకు ఇల్లు వదులుతుంది. ఏడాదికొకసారి ఒప్పందం రాయించుకుంటారట. ఈ ఉద్యోగాన్ని నమ్ముకోవచ్చా?
— గృహిణి, విశాఖపట్నం

సమాధానం: అమ్మా, ఉన్నది ఉన్నట్లు చెబుతాను. వృత్తిని నమ్ముకోవచ్చు, ఒక స్టేషన్‌ను నమ్ముకోలేము. మన దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ 2001 జూలైలో బెంగళూరులో మొదలైంది. హైదరాబాదులో ఇవి 2006లో వచ్చాయి. అంటే ఈ ఉద్యోగంలో పదవీ విరమణ దాకా పనిచేసిన తరం ఇంకా లేదు, చూసి నేర్చుకోవడానికి పెద్దల దారి లేదు. స్టేషన్‌కు రాబడి దాదాపు అంతా ప్రకటనల నుంచే వస్తుంది. అందులో నుంచి ప్రభుత్వానికి లైసెన్సు రుసుము, టవరు అద్దె, పాటల రాయల్టీ పోయిన తరువాతే జీతాల మాట వస్తుంది. ప్రకటనలు తగ్గిన ఏడాది మొదట తగ్గేది మనుషులు. నగరానికి ఒక షో బదులు అన్ని నగరాలకూ కలిపి ఒకే షో నడిపితే ఖర్చు కలిసివస్తుందని సంస్థలు అనుకోవడం నేడు కొత్తేమీ కాదు.

మీ అమ్మాయి రోజు ఎలా గడుస్తుందో చెబితే మీకు కొంత ధైర్యం, కొంత దిగులు కలుగుతాయి. షో ఏడుకు మొదలైనా ఐదున్నరకల్లా పత్రికలు చదివి, ప్రొడ్యూసర్‌తో కూర్చొని లింకులు రాసుకోవాలి. షో తరువాత దుకాణాల ప్రకటనలకు గొంతు ఇవ్వాలి, మరునాటి ప్రోమోలు రికార్డు చేయాలి, సాయంత్రం ఏ నగల దుకాణం ప్రారంభోత్సవానికో వెళ్లి మైకు పట్టుకోవాలి. తొమ్మిదికి నిద్రపోవలసిన మనిషి పదకొండుకు ఇల్లు చేరుతుంది. ఇంట్లో ఎవరు చనిపోయినా ఏడు గంటలకు గొంతులో నవ్వు ఉండాలి. ఆ అలసట చూసేవారికి కనిపించదు కనుక ఇంట్లోవారు గమనించాలి.

ఒప్పందంలో మూడు విషయాలు చూడమనండి. బయట డబ్బింగ్, కార్యక్రమాల నిర్వహణ చేసుకోవడానికి అనుమతి ఉందా, లేదా? ప్రసారంలో వాడే పేరు ఆమెదా, సంస్థదా? మానేసిన తరువాత ఇంకో స్టేషన్‌లో చేరకుండా ఎంతకాలం ఆగాలి? రెండో విషయాన్ని చాలామంది పట్టించుకోరు. సంస్థ పెట్టిన పేరుతో ఏళ్ల తరబడి సంపాదించిన అభిమానం మానేసిన రోజున సంస్థ దగ్గరే ఉండిపోతుంది. ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. రాజీనామా ఇచ్చిన జాకీని చాలా స్టేషన్లు తిరిగి మైకు ముందు కూర్చోనివ్వవు. శ్రోతలకు వీడ్కోలు చెప్పుకునే అవకాశం ఉండదు. రోజూ విన్న గొంతు ఒక సోమవారం ఉదయం ఎటువంటి మాటా లేకుండా మారిపోతుంది. ఇది శ్రోతలకు కూడా అగౌరవమేనని నేను నమ్ముతాను.

అందువల్ల ఆమె తన మంచి లింకుల రికార్డింగులను, ఈ వృత్తిలో ఎయిర్‌చెక్ అంటారు, నెలనెలా భద్రపరచుకోవాలి. ఎడిటింగు, ప్రోమో తయారీ, ప్రకటనలకు మాటలు రాయడం నేర్చుకోవాలి. మైకు వదిలిన జాకీలు ప్రోగ్రామింగ్ అధిపతులుగా, ప్రకటనల రచయితలుగా, డబ్బింగ్ కళాకారులుగా, ఆడియో పుస్తకాలు చదివేవారిగా గౌరవంగా బతుకుతున్నారు. వారందరికీ ఆధారమైనది ఈ పక్కపనులే.

ప్రశ్న: గొంతు కాపాడుకోవడానికి జాకీలు ఏం చేయాలి?
— సంగీత విద్యార్థి, విజయనగరం

సమాధానం: రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు తాగడం, సరిపడా నిద్ర, పొగకు దూరంగా ఉండటం, హెడ్‌ఫోన్‌లో శబ్దం తగ్గించుకోవడం ముఖ్యం. హెడ్‌ఫోన్ శబ్దం పెంచుకున్నవారు తెలియకుండానే గొంతు పెంచుతారు. గరగర రెండు మూడు వారాలకు మించి ఉంటే కషాయాలతో కాలం గడపకుండా ఈఎన్‌టీ వైద్యునికి చూపించాలి.

ప్రశ్న: నేను ఇంటర్ వరకు చదివాను. మా యాసలోనే మాట్లాడతాను. "రేడియో భాష" రాదని నన్ను వెనక్కి పంపారు. మా యాసకు రేడియోలో చోటు లేదా?
— స్వయం సహాయక సంఘం సభ్యురాలు, జహీరాబాద్

సమాధానం: ఈ ప్రశ్న మీ ప్రాంతం నుంచే రావడం విశేషం, ఎందుకంటే దానికి జవాబు మీ పొరుగునే ఉంది. జహీరాబాద్ దగ్గరి మాచనూరులో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా రైతుల సంఘాలు సంఘం రేడియోను నడిపాయి. స్టూడియో 1990ల చివరికే సిద్ధమైనా, ఊరివాళ్లకు ప్రసార అనుమతి ఇచ్చే విధానం దేశంలో అప్పటికి లేదు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో అనుమతి ఇచ్చే విధానం 2006 చివరకు గాని రాలేదు. అంతవరకు ఆ మహిళలు కార్యక్రమాలను క్యాసెట్ల మీద రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించేవారు. చివరకు 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలైంది. 1995 తీర్పు ఇచ్చిన ధర్మాసనంలోని జస్టిస్ పి.బి. సావంత్ వచ్చి దానిని ప్రారంభించారు.

జనరల్ నర్సమ్మ, ఆల్గోలు నర్సమ్మ అనే ఇద్దరు యువతులు ఆ స్టేషన్‌కు గొంతులయ్యారు. పొలం పనులు ముగిసి మనుషులు ఇల్లు చేరే సాయంత్రం వేళల్లో, కొర్రలు సజ్జలు విత్తే కాలం గురించి, ఆకుకూరల గురించి, పండుగ పాటల గురించి వారు మాట్లాడింది మీరు మాట్లాడే యాసలోనే. కన్సోల్ మీద ఫేడర్లు నడపడం, రికార్డింగును కత్తిరించి అతకడం అన్నీ వారే నేర్చుకున్నారు. తమ మాట తమ చెవికి వినబడాలని కోరుకున్న శ్రోతలకు ఆ యాసే రేడియో భాష. మిమ్మల్ని వెనక్కి పంపినవారి కొలత మీరు మార్చుకోవలసింది కాదు, వారు మార్చుకోవలసింది. మీకు దగ్గరలో కమ్యూనిటీ రేడియో ఉంటే వెళ్లి అడగండి. వాటి శక్తి 100 వాట్లే, వినిపించేది చుట్టుపక్కల ఊళ్లకే. స్థానికంగా మాట్లాడేవారికి అంతకు మించి అక్కరలేదు.

ప్రశ్న: 2024 సెప్టెంబరులో బుడమేరు వరదలో మా ఇల్లు మునిగింది. అటువంటి సమయంలో కూడా ఎఫ్ఎం జాకీలు పాటలు వేస్తారు తప్ప వార్తలు చెప్పరెందుకు?
— చిరువ్యాపారి, సింగ్‌నగర్, విజయవాడ

సమాధానం: ప్రైవేటు ఎఫ్ఎం సంస్థలు సొంతంగా వార్తలు తయారుచేసి చదవడానికి మన దేశంలో అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్‌ను మార్పు లేకుండా తిరిగి ప్రసారం చేయవచ్చు. అయితే 2011 నాటి విధానం కొన్నింటిని వార్తలుగా పరిగణించనక్కరలేదని స్పష్టంగా చెప్పింది. ట్రాఫిక్, వాతావరణం, పరీక్షలు, ఫలితాలు, ఉద్యోగావకాశాలు, స్థానిక యంత్రాంగం తెలియజేసే విద్యుత్తు, నీటి సరఫరా, ప్రకృతి వైపరీత్యాలు, ఆరోగ్య హెచ్చరికలు అందులో ఉన్నాయి. అంటే ఏ రోడ్డు మీద నీరుంది, పడవలు ఎక్కడి నుంచి బయలుదేరుతున్నాయి, పాలప్యాకెట్లు ఎక్కడ ఇస్తున్నారు అన్నవి అధికారుల నుంచి తెలుసుకొని రోజంతా చెప్పడానికి జాకీకి ఏ అడ్డూ లేదు. కరెంటు పోయి, ఫోను చార్జింగు అయిపోయిన ఇంటికి బ్యాటరీ రేడియో ఒక్కటే మిగులుతుంది. అటువంటి రోజున మామూలు జాబితాను పక్కన పెట్టమని పైవారిని అడిగే చొరవ జాకీకి ఉండాలి, ఒప్పుకునే పెద్దమనసు యాజమాన్యానికి ఉండాలి. కలెక్టరేట్ కంట్రోల్ రూమ్, నగరపాలక సంస్థ, విద్యుత్ శాఖల నంబర్లు వర్షాకాలం రాకముందే స్టూడియో గోడ మీద అతికించి ఉండాలి.

ప్రశ్న: ఒంగోలుకు ప్రైవేటు ఎఫ్ఎం వస్తుందని విన్నాను. అది వచ్చేసరికి కృత్రిమ మేధ జాకీలే ఉంటారని స్నేహితులు అంటున్నారు. ఎదురుచూడటంలో అర్థం ఉందా?
— నిరుద్యోగ యువకుడు, ఒంగోలు

సమాధానం: 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 234 కొత్త పట్టణాల్లో 730 ఛానెళ్ల వేలానికి ఆమోదం తెలిపింది. ఆ జాబితాలో ఆంధ్రప్రదేశ్‌లో 22 పట్టణాలకు 68, తెలంగాణలో 10 పట్టణాలకు 31 ఛానెళ్లు ఉన్నాయి; ఒంగోలుకు మూడు కేటాయించారు. వేలానికి ఆమోదం వేరు, ఎవరో పాడుకొని స్టేషన్ పెట్టడం వేరు కనుక చేతులు కట్టుకొని ఎదురుచూడకండి.

కృత్రిమ మేధ భయం ఉత్తది కాదు. 2024 అక్టోబరులో పోలండ్‌లోని క్రాకోవ్ నగరంలో ఒక ప్రభుత్వ రేడియో ఛానెల్ తన వ్యాఖ్యాతలను తొలగించి, కంప్యూటరు సృష్టించిన ముగ్గురు వ్యాఖ్యాతలను పెట్టింది. ఎప్పుడో మరణించిన నోబెల్ కవయిత్రి షింబోర్‌స్కాతో ముఖాముఖి జరిపినట్లు కూడా ప్రసారం చేసింది. వేలమంది నిరసనగా సంతకాలు చేయడంతో ఆ ప్రయోగాన్ని కొద్ది రోజులకే ఆపివేసింది. పాట పేరు, ఉష్ణోగ్రత, ప్రకటన చదవడం యంత్రం చేయగలదు, చేస్తుంది కూడా. అంతవరకే చేసే జాకీ ఉద్యోగం పోతుంది. కొత్తపట్నం తీరంలో వలలు లాగేవారు ఈ వారం ఏం మాట్లాడుకుంటున్నారో, పొగాకు వేలం కేంద్రం దగ్గర రైతు ధర వినగానే ఎందుకు తల పట్టుకున్నాడో ఎవరైనా వెళ్లి కనుక్కుంటే తప్ప యంత్రానికి తెలియదు. మీరు వెళ్లండి. ఫోనుతోనే వారి మాటలు రికార్డు చేసి, వారి అనుమతితో మూడు నిమిషాల కార్యక్రమాలుగా కూర్చండి. ఒంగోలులో స్టేషన్ తెరిచేవారు ఆడిషన్ పెట్టిన రోజున డెమోగా ఇవ్వడానికి మీ దగ్గర సొంత గొంతుతో పాటు సొంత ఊరు కూడా ఉంటుంది. ఈలోగా ఆకాశవాణి తాత్కాలిక అనౌన్సర్ల ప్రకటన ఎప్పుడు వస్తుందో చూస్తూ ఉండండి. ఆ దరఖాస్తు సాధారణంగా స్థానికులకే పరిమితం, గడువు తక్కువగా ఉంటుంది.